వెలివాడ నుంచి చూస్తే పౌర సంబంధాలు

జర్నలిజం శాఖల్లో పబ్లిక్ రిలేషన్స్ పేపరు చదివే ప్రతి విద్యార్థికీ ఒక సూత్రం చెబుతారు. మంచి ప్రచారానికి నాలుగు మెట్లుంటాయి. ముందు పరిస్థితి తెలుసుకోవాలి. తర్వాత ప్రణాళిక వేసుకోవాలి. ఆ తర్వాత చెప్పాల్సింది చెప్పాలి. చివరికి ఫలితం కొలవాలి. 1952లో అమెరికాలో కట్లిప్, సెంటర్ అనే ఇద్దరు రాసిన 'ఎఫెక్టివ్ పబ్లిక్ రిలేషన్స్' అనే పుస్తకం ఈ మెట్లను పాఠంగా స్థిరపరిచింది. 1963లో జాన్ మార్‌స్టన్ దీన్నే ఇంకో వరసలో పెట్టాడు. పరిశోధన, చర్య, ప్రసారం, మూల్యాంకనం. ఇంగ్లీషు మొదటి అక్షరాలు కలిపితే 'రేస్' అవుతుంది. విద్యార్థులు దాన్ని బట్టీ పట్టి పరీక్షలో రాసేసి మర్చిపోతారు.

మనకు మాత్రం ఇది మర్చిపోదగ్గ సంగతి కాదు. సబ్బుల కంపెనీ ఒక్కటే ఈ సూత్రం వాడుతున్నదనుకుంటే పొరపాటు. ప్రభుత్వ శాఖలు వాడుతున్నాయి, పార్టీలు వాడుతున్నాయి, స్వచ్ఛంద సంస్థలు వాడుతున్నాయి. చివరికి మన సంఘాలు కూడా నిధుల కోసం దరఖాస్తు పెట్టుకునేటప్పుడు 'కమ్యూనికేషన్ ప్లాన్' అనే కాగితం ఒకటి జతచేయాల్సి వస్తున్నది. అందులో 'టార్గెట్ గ్రూపు' అనే గడి ఉంటుంది. ఆ గడిలో వాడ పేరు రాస్తాం. ఏళ్ళ తరబడి ఇతరులు మనల్ని పెట్టిన గడిలోకే మనం మన చేతులతో మనల్ని నెట్టుకుంటున్నామా అనే ప్రశ్న ఎవరూ అడగరు.

ఆ నాలుగు మెట్లూ అబద్ధమని ఈ వ్యాసం వాదించదు. అవి పనికొచ్చేవే. మొదటి మెట్టు మీద నిలబడి ప్రశ్న వేసేదెవరు, చివరి మెట్టు మీద నిలబడి ఫలితం లెక్కపెట్టేదెవరు అనేదాన్ని బట్టే మధ్యలో జరిగేదంతా తేలుతుందని మాత్రం వాదిస్తుంది. దీన్ని ఒకే జనానికి మూడు కాలాల్లో వచ్చిన మూడు పేర్ల చరిత్రతో పరీక్షిద్దాం. ఆది ఆంధ్ర, హరిజన, మాదిగ. మార్కెటింగ్ వాళ్ళు పేరునే సగం పెట్టుబడి అంటారు. కాబట్టి పేరు దగ్గర మొదలుపెట్టడం న్యాయమే.

పౌరుడు ఎవరు?

పబ్లిక్ రిలేషన్స్‌కి తెలుగులో మన ప్రభుత్వాలు స్థిరపరిచిన మాట 'పౌర సంబంధాలు'. సమాచార పౌర సంబంధాల శాఖ జిల్లా జిల్లాకీ ఉంది. ఈ మాటను కాస్త విప్పి చూడండి. పురంలో ఉండేవాడు పౌరుడు. మరి పురానికి అవతల, వాగు దాటినాక, గాలి ఊరి మీద నుంచి వీచే దిక్కున గుడిసెలు వేసుకున్నవాడు ఏమవుతాడు? రాజ్యాంగం 1950లో అతన్ని పౌరుణ్ణి చేసింది. మాటకున్న పాత వాసన మాత్రం పోలేదు.

కట్లిప్, సెంటర్ల పుస్తకం తర్వాతి ముద్రణల్లో ఇచ్చిన నిర్వచనం సారాంశం ఇది: ఒక సంస్థ గెలుపోటములు ఏ జనం మీద ఆధారపడి ఉంటాయో, ఆ జనంతో ఉభయతారకమైన సంబంధం ఏర్పరచుకోవడమే పౌర సంబంధాల పని. వినడానికి బాగానే ఉంది. కానీ ఎవరి మీద గెలుపోటములు ఆధారపడవో వాళ్ళ సంగతేమిటి? వాళ్ళు 'పబ్లిక్' కారు. వాళ్ళతో సంబంధం అక్కర్లేదు. ఓటు హక్కు రానంతవరకూ, చేతిలో నాలుగు రూపాయలు ఆడనంతవరకూ వెలివాడ ఎవరి ప్రణాళికలోనూ లేకపోవడానికి కారణం ఈ నిర్వచనంలోనే దొరుకుతుంది. మనిషిని మనిషిగా గాక, గెలుపోటముల లెక్కలో ఒక అంకెగా గుర్తించే నిర్వచనం అది.

మన ఊళ్ళలో ఈ సంబంధం ఇంకా విచిత్రంగా ఉండేది. కచేరీ నుంచి కబురొచ్చినా, శిస్తు గడువు దగ్గరపడినా, జాతర ముహూర్తం కుదిరినా ఊరంతటికీ చెప్పాల్సింది ఎవరు? వెట్టి మాదిగ. తోలు తనది, డప్పు చేసిన చేతులు తనవి, ఊరి నాలుగు వీధులూ తిరిగిన కాళ్ళు తనవి, గొంతు తనది. "ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమేమనగా" అని మొదలుపెట్టాక వచ్చే ఒక్క ముక్క కూడా తనది కాదు. ఆ యావన్మందిలో తను ఉన్నాడో లేడో కూడా తెలియదు. మీడియం మాదిగది, మెసేజి మునసబుది. ఊరి మొత్తానికీ ప్రసార వ్యవస్థను నడిపినవాడికి తన బాధ చాటుకునే హక్కు లేదు. దీనికి కూలీ కూడా సరిగా లేదు, వెట్టి. ప్రసారశాస్త్రం చదివేవాళ్ళు రేడియో దగ్గర, పత్రిక దగ్గర చరిత్ర మొదలుపెడతారు. ఈ దేశంలో ప్రసారశాస్త్రం డప్పు కొట్టినవాడి దగ్గర మొదలుకావాలి.

డబ్బిస్తామన్నా వేయని ప్రకటన

మార్కెట్‌కు కులం లేదని, ఎవడి రూపాయి అయినా రూపాయేనని చెప్పేవాళ్ళున్నారు. వాళ్ళకు ఒక పాత సంగతి గుర్తుచేయాలి. 1920 జనవరి 31న డాక్టర్ అంబేద్కర్ 'మూక్‌నాయక్' పత్రిక మొదలుపెట్టాడు. మూగవాళ్ళ నాయకుడు అని ఆ పేరుకు అర్థం. పత్రిక వస్తున్నదని పుణె నుంచి వచ్చే 'కేసరి'లో ప్రకటన వేయించాలనుకున్నారు. ఊరికే వేయమని అడగలేదు, డబ్బు కడతామన్నారు. అయినా కేసరి వేయలేదు. ఉచితంగా వార్త రాయకపోతే అది సంపాదకుడి ఇష్టమని సరిపెట్టుకోవచ్చు. డబ్బు తీసుకుని కూడా చోటు అమ్మకపోతే దాన్ని ఏ మార్కెట్ సూత్రం వివరిస్తుంది? అంటరాని మనిషి రూపాయి కూడా అంటరానిదైంది. మార్కెటింగ్ పాఠాల్లో సరుకు, ధర, చోటు, ప్రచారం అని నాలుగు అంశాలు చెబుతారు. మనకు నాలుగూ ఉండొచ్చు. చోటు అమ్మేవాడు మన మొహం చూసి తలుపేస్తే ఆ నాలుగూ దండగే.

ఇరవై అయిదేళ్ళ తర్వాత, 1945లో, కాంగ్రెస్, గాంధీ అంటరానివాళ్ళకు ఏం చేశారో లెక్కతీస్తూ రాసిన పుస్తకంలో అంబేద్కర్ విదేశీ పాఠకులకు ఒక విజ్ఞప్తి చేశాడు. దేశంలో వార్తలు పంచే ప్రధాన సంస్థ అసోసియేటెడ్ ప్రెస్ సిబ్బంది అంతా మద్రాసు బ్రాహ్మణులేననీ, కాంగ్రెస్‌కు నచ్చని వార్త వాళ్ళ చేతుల్లోంచి బయటికి రాదనీ అందులో చెప్పాడు. బయటి ప్రపంచానికి చేరేది ఒక పక్షం మాటే అయినప్పుడు, చదివేవాళ్ళు దాన్నే దేశం మాట అనుకుంటారని ఆయన బాధ. ఆ తర్వాత అర్ధశతాబ్దం గడిచాక, 1996లో, బి.ఎన్. ఉనియాల్ అనే పాత్రికేయుడు ఢిల్లీలో గుర్తింపు పొందిన విలేకర్ల జాబితా ముందేసుకుని ఒక దళితుడి కోసం వెతికాడు. ఒక విదేశీ విలేకరి అడిగితే ఆ వెతుకులాట మొదలైంది. ఒక్కరూ దొరకలేదు. అది ఆయన 'పయొనీర్' పత్రికలో రాశాడు. అంటే మధ్యలో స్వాతంత్ర్యం వచ్చింది, రాజ్యాంగం వచ్చింది, రిజర్వేషన్లు వచ్చాయి, వార్త రాసే గదిలోకి మాత్రం వాడ రాలేదు. ప్రచార ప్రణాళికలో 'మీడియా సంబంధాలు' అనే గడి నింపేటప్పుడు ఈ చరిత్ర తెలిసి నింపాలి.

మొదటి పేరు: ఆది ఆంధ్ర

ఇక ప్రచారాల దగ్గరికి వద్దాం. హైదరాబాదులో మాదరి భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టాడు. వాడల్లో హరికథలు, భజనలు, ఉపన్యాసాలతో పని మొదలైంది. అక్షరం రాని జనానికి కరపత్రం కన్నా కథ దగ్గరని తెలిసిన పని అది. 1911లో అది మాన్య సంఘమైంది. 1917 నవంబరులో బెజవాడలో ఆంధ్ర ప్రాంతపు అంటరాని కులాల సభ జరిగింది. ఏర్పాట్లు చేసిన సంస్కర్తలు దానికి పెట్టిన పేరు పంచమ మహాసభ. అధ్యక్షత వహించడానికి హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డి వర్మ మొట్టమొదట ఆ పేరునే కాదన్నాడు. నాలుగు వర్ణాలకే గాని ఐదోదానికి పురాణాల్లో ఆధారమెక్కడిదని అడిగాడు. మేం ఈ నేలకు ఆదివాసులం, మా పేరు ఆది ఆంధ్ర అన్నాడు. సభ పేరు ఆది ఆంధ్ర మహాజన సభగా మారింది. ఆ రోజుల్లో బెజవాడ కనకదుర్గ గుడి తలుపులు మూడు రోజులు మూసి ఉంచారు, వీళ్ళెక్కడ లోపలికి వస్తారోనని. సభ ప్రభావం ఎంతో తెలుసుకోవడానికి ఇంతకన్నా మూల్యాంకనం అక్కర్లేదు.

దీన్ని మన నాలుగు మెట్ల మీద పెట్టి చూడండి. మొదటి మెట్టులో ప్రశ్న వేసింది వాడ మనిషే. మనల్ని ఏమని పిలుస్తున్నారు, ఆ పిలుపు మనకేం చేస్తున్నది? రెండో మెట్టులో లక్ష్యం స్పష్టంగా ఉంది. సభల్లో చప్పట్లు వాళ్ళ లక్ష్యం కాదు. సర్కారు కాగితాల్లో పేరు మారాలి. మూడో మెట్టులో సాధనాలు జనం చేతిలో ఉన్నవే. సభ, భజన, హరికథ, తర్వాత పత్రిక. 1931 నుంచి భాగ్యరెడ్డి వర్మ 'భాగ్యనగర్' పత్రిక నడిపాడు. నాలుగో మెట్టులో కొలత కూడా కాగితం మీదే దొరికింది. మద్రాసు శాసనమండలిలో ఎం.సి. రాజా తీర్మానం పెట్టాక, 1922లో మద్రాసు ప్రభుత్వం పంచమ, పరయ వంటి మాటలకు బదులు ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అనే పేర్లు వాడాలని ఉత్తర్వు ఇచ్చింది. 1931 జనాభా లెక్కల్లో మద్రాసు రాజధానిలోని మాల మాదిగల్లో దాదాపు మూడో వంతు మంది తమను ఆది ఆంధ్రులుగా రాయించుకున్నారు. నిజాం రాజ్యంలో అదే లెక్కల్లో ఆది హిందువులని నమోదైంది. ఇంటికొచ్చిన ఎన్యూమరేటర్ ముందు నిలబడి, 'మాల అని కాదు, ఇట్లా రాయి' అని చెప్పడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి. ఆ కాలంలో ఏ అడ్వర్టైజింగ్ కంపెనీకి సాధ్యమయ్యే పని ఇది?

దీన్ని పొగిడి ఊరుకుంటే విమర్శ కాదు. ఆ ఉద్యమంలోనూ సంస్కరణ భాష చాలా ఉంది. కల్లు మానాలి, శుభ్రంగా ఉండాలి, మాంసం మానాలి అనే ఉపదేశాలున్నాయి. లోపం మన దగ్గరుందని ఒప్పుకుని మాట్లాడే ధోరణి అది. రెండోది ఇంకా ముఖ్యం. ఒక్క పేరు కింద చేరిన కులాలన్నీ ఒక్క మెట్టు మీద లేవు. దాని సంగతి తర్వాత చూద్దాం.

రెండో పేరు: హరిజన

1932 సెప్టెంబరు 24న పూనా ఒప్పందం. వారం తిరక్కుండానే, సెప్టెంబరు 30న బొంబాయిలో అఖిల భారత అస్పృశ్యతా నివారణ సంఘం పుట్టింది. అధ్యక్షుడు ఘనశ్యామ్ దాస్ బిర్లా, కార్యదర్శి అమృత్‌లాల్ ఠక్కర్. తర్వాత ఇదే హరిజన సేవక సంఘం అయింది. 1933 ఫిబ్రవరి 11న 'హరిజన్' వారపత్రిక పుణె నుంచి మొదటి సంచిక. అదే ఏడాది నవంబరు 7 నుంచి గాంధీ దేశయాత్ర. డిసెంబరులో ఆంధ్ర జిల్లాల్లో తిరిగాడు. తొమ్మిది నెలల్లో పన్నెండున్నర వేల మైళ్ళు, చందాలు సుమారు 8 లక్షల రూపాయలు. ప్రచార ప్రణాళికగా చూస్తే దీనికి వంక పెట్టలేం. కొత్త పేరు ఉంది, పత్రిక ఉంది, సంస్థ ఉంది, పెట్టుబడి ఉంది, ఊరూరా తిరిగే మహాపురుషుడున్నాడు. ఈనాటి మార్కెటింగ్ వాళ్ళు సమగ్ర ప్రచారం అని దేన్ని అంటారో అది అక్షరాలా ఇదే.

అయితే ఈ ప్రచారానికి 'పబ్లిక్' ఎవరు? గాంధీ దాచిపెట్టలేదు. సంఘం సవర్ణులు చేసుకునే ప్రాయశ్చిత్తమన్నాడు. అప్పుపడ్డవాళ్ళు అప్పు తీర్చే సంఘంలో అప్పిచ్చినవాళ్ళకు పెత్తనమెందుకన్నాడు. అందుకే సంఘం నడిపే చోట అంటరానివాళ్ళు లేరు. అంటే హరిజనుడి పేరు మీద నడిచిన ప్రచారంలో హరిజనుడు శ్రోత కాదు, వక్త కాదు. అతను సరుకు. సవర్ణుడి మనసు మార్చడానికి చూపించే బొమ్మ. పేరు సంగతీ అంతే. ఒక అస్పృశ్య పాఠకుడు సూచిస్తే ఈ పేరు తీసుకున్నానని గాంధీ రాశాడు. సూచన ఒకరిది కావచ్చు. కోట్లమంది మీద దాన్ని వేసే నిర్ణయం ఎవరిది? ఆ కోట్లమంది అప్పటికే పదిహేనేళ్ళుగా తమకు తాము పేర్లు పెట్టుకుని సర్కారు ఉత్తర్వులు తెచ్చుకుంటున్న సంగతి లెక్కలోకి వచ్చిందా? పాత పేరు మీద కొత్త లేబుల్ అంటించినట్టు, ఆది ఆంధ్ర మీద హరిజన అంటించారు.

ఇక్కడ మన విద్యార్థులు తప్పకుండా చదవాల్సిన ఒక పత్రముంది. 1932 నవంబరు 14న మూడో రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ పోతూ, ఓడలో కూర్చుని అంబేద్కర్ ఠక్కర్‌కు రాసిన ఉత్తరం. 1945 పుస్తకంలో దాన్ని పూర్తిగా అచ్చువేశాడు. నా దృష్టిలో అది ఈ దేశంలో ప్రచార ప్రణాళిక మీద వచ్చిన గొప్ప పత్రాల్లో ఒకటి. పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా కనపడదు.

ఆ ఉత్తరం మొదట పరిస్థితిని అంచనా కడుతుంది. అంటరాని మనిషి కష్టాలకు కారణం అతని దురలవాట్లా, లేక అతను బతికే పరిసరమా? మొదటిది నమ్మితే మద్యనిషేధం, వ్యాయామశాల, గ్రంథాలయం, బడి పెట్టుకుంటూ పోతారు. ఒక్కో మనిషి బాగుపడొచ్చు, జాతి మారదు. రెండోది నమ్మితే దాడి పరిసరం మీద చేయాలి. తర్వాత కార్యక్రమం చెబుతుంది. ఊరి బావి దగ్గర, బడిలో, చావడిలో, దారి మీద పౌరహక్కుల కోసం దేశమంతటా పోరాటం. ఉద్యోగాల్లో, వ్యాపారంలో సమాన అవకాశం. సవర్ణుల ఇళ్ళలోకి రాకపోకలు. పల్లెల్లో పనిచేసే కార్యకర్తల సైన్యం, అందులో అణగారిన కులాల నుంచి వచ్చినవాళ్ళు. దీనివల్ల గొడవలొస్తాయని, రక్తం కూడా కారొచ్చని ఆయన దాచకుండా రాశాడు. మెల్లగా నచ్చజెప్పే పద్ధతి గురించి ఆయన తీర్పు కటువుగా ఉంటుంది. మనిషి అలవాటు పడ్డ దారిలో సుఖంగా పోతున్నంతసేపు ఆలోచించడు. అడ్డం తగిలినప్పుడే ఆలోచిస్తాడు. మహాడ్ చెరువు, నాసిక్ కాలారామ్ గుడి, గురువాయూరు గుడి దగ్గర కొద్దిరోజుల్లో జరిగిన ఆలోచన సంస్కర్తలు ఎన్నేళ్ళు ఉపన్యాసాలిచ్చినా జరగదంటాడు.

ఆ ఉత్తరానికి జవాబు రాలేదు. అంబేద్కర్ సంఘంలోంచి తప్పుకున్నాడు.

మార్‌స్టన్ సూత్రాన్ని ఇప్పుడు మళ్ళీ తీయండి. పరిశోధనకూ ప్రసారానికీ మధ్య ఆయన 'చర్య' అని ఎందుకు పెట్టాడు? ముందు నీ నడవడి మార్చుకో, తర్వాత ఆ మార్పు గురించి చెప్పు అని. 1963లో అమెరికా ప్రొఫెసర్ చెప్పింది 1932లో అంబేద్కర్ ఓడలో కూర్చుని చెప్పాడు. మహాడ్‌లో దాన్ని 1927లోనే చేసి చూపించాడు. బొంబాయి శాసనమండలి 1923లో ప్రభుత్వ బావులు, చెరువులు అందరికీ అని తీర్మానించింది. మహాడ్ మునిసిపాలిటీ కాగితం మీద చెరువు తెరిచింది. ఒక్కరూ దిగలేదు. 1927 మార్చిలో సభకు వచ్చినవాళ్ళకు తాగునీళ్ళు ఆ ఊళ్ళో దొరక్క 40 రూపాయలు పెట్టి కొనాల్సి వచ్చింది. పరిశోధన అంటే ఇదీ. చట్టం ఏమంటున్నది, నీళ్ళు ఏమంటున్నాయి, రెంటి మధ్య దూరం ఎంత? మార్చి 20న వేలమంది నడిచి వెళ్ళి చెరువు నీళ్ళు దోసిట్లో ఎత్తుకున్నారు. ఆ నీళ్ళే మెసేజి. దానికి వేరే కరపత్రం అక్కర్లేకపోయింది. దెబ్బలు తిన్నారు, కోర్టుకెక్కారు. 1937లో బొంబాయి హైకోర్టు వాళ్ళ పక్షాన తీర్పిచ్చింది. ఫలితం చేతికి రావడానికి పదేళ్ళు పట్టింది. ఏ ప్రాజెక్టు రిపోర్టులోనూ ఇమడని గడువు.

హరిజన యాత్రవల్ల ఏమీ జరగలేదని అనడం న్యాయం కాదు. కొన్ని గుళ్ళు తెరుచుకున్నాయి, కొన్ని బావులు తెరుచుకున్నాయి, హాస్టళ్ళు వచ్చాయి. ఆ హాస్టళ్ళలో చదువుకున్న దళితులున్నారు. అయినా నాలుగో మెట్టు మీద అసలు శ్రోత ఇచ్చిన జవాబేమిటి? 1938లో బొంబాయి శాసనసభలో స్థానిక సంస్థల బిల్లులో 'హరిజన' అనే మాట పెట్టినప్పుడు అంబేద్కర్ పార్టీ సభ్యులు అభ్యంతరం చెప్పి సభలోంచి లేచి వెళ్ళిపోయారు. 1982లో కేంద్ర హోం శాఖ కుల ధ్రువపత్రాల్లో ఆ మాట వాడొద్దని రాష్ట్రాలకు రాసింది. అంత పెట్టుబడి పెట్టి, అంత మహాపురుషుడు మోసిన పేరును ఎవరికోసం పెట్టారో వాళ్ళే వద్దన్నారు. పాఠ్యపుస్తకం భాషలోనే చెప్పాలంటే ఈ ప్రచారం ఫెయిలైంది. ఏ పాఠ్యపుస్తకమూ ఈ మాట రాయదు.

మూడో పేరు: మాదిగ

ఆది పేరులో మిగిలిపోయిన లోపం సంగతి చూద్దామన్నాం. ఆది హిందూ, ఆది ఆంధ్ర సంఘాల నాయకత్వంలో మాలలే ఎక్కువ. మాదిగలు అరుంధతీయ పేరుతో విడిగా సంఘాలు పెట్టుకున్నారు. బయటివాడు పెట్టిన పేరు మనల్ని బొమ్మను చేస్తుంది, నిజమే. లోపలివాడు పెట్టిన పేరు కూడా ఒకర్ని కప్పెయ్యొచ్చు. 'టార్గెట్ గ్రూపు: దళితులు' అని రాసేసి చేతులు దులుపుకునే కార్యకర్తలు ఈ సంగతి గుండె మీద చెయ్యేసుకుని ఆలోచించాలి.

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి పుట్టింది. ఆ ఉద్యమానికి జనం నోట నిలిచిన పేరు దండోరా. నాలుగు తరాలు వెట్టికి ఎవరి చాటింపో చాటిన డప్పు, మొదటిసారి దాన్ని చేసినవాడి కోర్కెను చాటింది. పేరు విషయంలో ఇంకా పెద్ద సాహసం చేశారు. వెనకటి తరాలు తిట్టుగా మారిన కులం పేరు దాచి గౌరవమైన కొత్త పేరు వెతుక్కున్నాయి. వీళ్ళు ఆ తిట్టునే తీసుకుని తమ పేరు చివర తగిలించుకున్నారు. రెడ్డి అని, రావు అని, శర్మ అని రాసుకున్నట్టే మాదిగ అని రాసుకున్నారు. ఏ బ్రాండ్ కన్సల్టెంటూ ఇట్లాంటి సలహా ఇవ్వడు. జనం ఏవగించుకునే పేరుతో సరుకు అమ్మకూడదని వాళ్ళ మొదటి పాఠం. ఇక్కడ అమ్మకం లేదు. ఏవగింపునే వేదిక మీదకు లాగి, ఎందుకు అని అడగడం ఉంది.

ఫలితం ఎట్లా కొలుస్తాం? వర్గీకరణ ఉత్తర్వు 1997లో వచ్చింది, 2000లో చట్టం వచ్చింది, 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఆరుగురు ఒక వైపు ఒకరు ఇంకో వైపు, వర్గీకరణ రాష్ట్రాలు చేసుకోవచ్చని చెప్పింది. 2025లో తెలంగాణ చట్టం అమల్లోకి తెచ్చింది, ఆంధ్రప్రదేశ్ ఆర్డినెన్స్ తెచ్చింది. ముప్పై ఏళ్ళు. వర్గీకరణను వ్యతిరేకించే మాల సోదరుల వాదనలున్నాయి, వాటిమీద చర్చ వేరే జరగాలి. ప్రచారపు పద్ధతి వరకు చూస్తే మాత్రం, ప్రశ్న తనది, సాధనం తనది, కొలత తనది అయినప్పుడు ఒక ఉద్యమం ఎన్నాళ్ళు నిలుస్తుందో ఇక్కడ కనపడుతుంది.

ఇవాళ మన ముందున్న పని

ఇప్పుడు మన మీద జరుగుతున్న ప్రచారాల స్థాయి పెరిగింది. 2023 ఏప్రిల్ 14న హైదరాబాదులో 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం ఆవిష్కరించారు. 2024 జనవరి 19న విజయవాడలో ఇంకొకటి, విగ్రహం 125 అడుగులు, కింద పీఠం 81 అడుగులు. 1917లో మనకు భయపడి గుడి తలుపులు మూసుకున్న ఊళ్ళో ఆయన విగ్రహం అంతెత్తున లేవడం చిన్న సంగతి కాదు. చూసి కన్నీళ్ళు పెట్టుకున్నవాళ్ళను తప్పుపట్టలేం. అయితే పౌర సంబంధాల శాఖ అడుగుల్లో కొలిచి చూపిస్తే మనమూ అడుగుల్లోనే కొలవాలా? జనాభా నిష్పత్తి ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు నిధులు ఖర్చుచేయాలని 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉప ప్రణాళిక చట్టం వచ్చింది. దానికోసం కార్యకర్తలు ఏళ్ళ తరబడి తిరిగారు. విగ్రహం దగ్గర ఫోటో దిగిన రోజే, మన మండలంలో ఆ పద్దు కింద ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అని అడిగే అలవాటు మనకుండాలి. ప్రసారాన్ని చర్యతో కొలవడమంటే ఇదే.

పేరు తగాదా కూడా ముగియలేదు. 2018 ఆగస్టులో కేంద్ర సమాచార ప్రసార శాఖ, 'దళిత' అనే మాట వాడకుండా షెడ్యూల్డ్ కులాలు అనే రాయమని టీవీ చానళ్ళకు సలహా పంపింది. హైకోర్టు మాట దానికి ఆధారమన్నారు. సర్కారు కాగితంలో ఏ పేరుండాలో రాజ్యాంగం చెప్పింది, దానికి పేచీ లేదు. మనం మనల్ని ఏమని పిలుచుకోవాలో, ఆ పిలుపును వార్తలో రాయాలో వద్దో ఒక శాఖ చెప్పడం వేరు. అది పంచమ సభ పేరు నిర్ణయించిన పాత అలవాటే.

కాబట్టి కార్యకర్తలకు, విద్యార్థులకు చెప్పేదేమంటే, ప్రణాళిక వేయడం నేర్చుకోండి. ఉద్యమం ఆవేశంతో నడుస్తుంది, ప్రణాళికలు కంపెనీలకు అనే మాట నమ్మకండి. మహాడ్ ఆవేశంతో జరగలేదు, పకడ్బందీగా జరిగింది. అయితే కాగితం మీద మొదటి గడి నింపేముందు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఈ సమస్యను సమస్య అన్నదెవరు, వాడా, వాడ బయటివాళ్ళా? ఈ ప్రచారంలో మాట్లాడే నోరెవరిది, అందులో మాదిగ, డక్కలి, రెల్లి, వాడలో ఆడమనిషి ఉన్నారా? మాటకు ముందు మనం చేసే పని ఏమిటి, ఏ బావి, ఏ భూమి, ఏ శ్మశానం, ఏ హాస్టలు? చివరికి లెక్క ఎవరికి అప్పజెబుతాం, నిధులిచ్చినవాడికా, వాడలో కూర్చుని వినేవాళ్ళకా?

పేపరు కటింగులు అతికించిన ఫైలును ఫలితమని చూపించే పద్ధతి మానుకుందాం. పత్రికలో ఎన్ని కాలమ్ సెంటీమీటర్లు వచ్చిందనేది పత్రిక లెక్క. రిపోర్టు చివరి పేజీలో ఏ సర్వే నంబరు భూమి ఎవరి స్వాధీనంలోకి వచ్చిందో, ఏ బోరింగు దగ్గర ఎవరు బిందె పెడుతున్నారో రాయండి. ఆ పేజీ ఖాళీగా ఉంటే ఖాళీగానే వాడకు తీసుకుపోయి చదివి వినిపించండి. అక్కడ వచ్చే ప్రశ్నలతోనే వచ్చే ఏడాది ప్రణాళిక మొదలుపెట్టండి.